కుక్కకీ పిల్లికీ ఇంటి వైద్యం: ఏది, ఎంత, ఎప్పటిదాకా

అడిగిన ప్రశ్న ఇది: ఇంట్లో ఒక కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. అప్పుడప్పుడు విరేచనాలు, దురద, చెవి గోకుడు, చిన్న గాయాలు వస్తుంటాయి. ప్రతిదానికీ మందుల జోలికి పోకుండా సహజమైన వాటితో ఇంట్లోనే తగ్గించుకోవచ్చా?

చాలావాటికి తగ్గించుకోవచ్చు. కాకపోతే "సహజం" అన్న మాటని కాసేపు పక్కన పెట్టండి. ఉల్లిపాయ సహజమే, లిల్లీ పువ్వూ సహజమే. రెండూ పిల్లి ప్రాణం తీయగలవు. ఇంటి వైద్యంలో అడగాల్సిన ప్రశ్నలు రెండే: ఇది కుక్కా పిల్లా? ఇంకెన్ని గంటలు ఆగొచ్చు?

పిల్లిని చిన్న సైజు కుక్క అనుకోవడం దగ్గరే సగం ప్రమాదాలు మొదలవుతాయి. మన కాలేయం చాలా మందుల్ని గ్లూకురోనిక్ ఆమ్లంతో జతకట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ముఖ్యమైన ఎంజైమ్ పనిచేయదు. అందుకే మనకి మామూలు జ్వరం బిళ్ల అయిన పారాసెటమాల్, పిల్లికి ఒక్కటి వేసినా చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది. టీ ట్రీ నూనెలాంటి గాఢమైన సువాసన నూనెలు పిల్లి ఒంటికి పడకపోవడానికీ ఈ లోపమే చాలావరకు కారణం. ఐబుప్రొఫెన్ అయితే కుక్కకీ వద్దు, పిల్లికీ వద్దు. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నొప్పికి ఇంట్లో సురక్షితంగా ఇవ్వగల మన బిళ్ల ఒక్కటి కూడా లేదు. ఈ మాటలో మినహాయింపులు వెతక్కండి.

ఏ చిట్కా మొదలుపెట్టినా ముందు మూడు కొలతలు తీసుకోండి. ఐదు నిమిషాల పని.

మొదటిది జ్వరం. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి జ్వరం తెలీదు. అప్పుడే నిద్రలేచిన ఆరోగ్యమైన కుక్క ముక్కు కూడా పొడిగా ఉండొచ్చు. ఒక డిజిటల్ థర్మామీటర్ వాటికోసమే విడిగా పెట్టుకోండి. కొనకి వాజలీన్ రాసి, ఒకరు తల పట్టుకుంటే ఇంకొకరు తోక ఎత్తి, మలద్వారంలోకి కుక్కకైతే రెండు సెంటీమీటర్లు, పిల్లికైతే ఒకటి మెల్లగా పంపి, బీప్ వచ్చేదాకా ఆగండి. 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే దాదాపు 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య ఉంటే మామూలు. మనకి జ్వరం అనిపించే 101 వాటికి రోజువారీ వేడి. 40 డిగ్రీలు, అంటే 104 దాటినా, 37.2 కన్నా, అంటే 99 కన్నా తగ్గినా ఇంటి వైద్యం అక్కడితో ఆపేయాలి.

రెండోది చిగుళ్లు. పై పెదవి ఎత్తి, కోరపన్ను పైన వేలితో నొక్కి వదలండి. తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపు గులాబీరంగుకి రావాలి. చిగురు పాలిపోయి తెల్లగా ఉన్నా, నీలంగా, ఇటుకరంగులో, గోధుమరంగులో ఉన్నా వెంటనే ఆసుపత్రికే. కొన్నిటికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప లోపలి భాగం చూడండి. చిగురు తాకితే జారకుండా వేలికి జిగురుగా తగులుతుంటే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం.

మూడోది ఊపిరి. గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ లేచి దిగడాన్ని ఒకటిగా లెక్కపెట్టి ఒక నిమిషం చూడండి. 30 దాటకూడదు. వరసగా రెండు మూడుసార్లు దాటితే గుండెకో ఊపిరితిత్తులకో సంబంధించిన సంగతి. కుక్క రొప్పడం మామూలే. పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే మాత్రం అది మామూలు కాదు.

ఈ మూడూ బాగుండి, జంతువు చుట్టూ ఏం జరుగుతోందో గమనిస్తూ, పిలిస్తే పలుకుతూ ఉంటే ఒకటి రెండు రోజులు ఇంట్లో చూసుకోవచ్చు.

ఇక ఎక్కువమందిని ఇబ్బంది పెట్టే విరేచనాలు. ముందు ఏ రకమో చూడండి. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, ముక్కుతూ వెళ్తూ, పైన జిగురు పూసినట్టు ఉంటే, చివర ఒక ఎర్రటి రక్తపు చార కనిపిస్తే, అది పెద్దపేగు గొడవ. రోజుకి రెండు మూడుసార్లే అయినా నీళ్లలా, పెద్ద మొత్తంలో పోతుంటే చిన్నపేగుది. ఈ తేడా ఎందుకంటే, అందరూ చెప్పే గుమ్మడికాయ గుజ్జు మొదటిదానికి బాగా పనిచేస్తుంది, రెండోదానికి అంతగా పనిచేయదు. గుమ్మడిలోని కరిగే పీచు పెద్దపేగులో నీటిని పట్టుకుని మలానికి ఆకారం ఇస్తుంది. ఉడకబెట్టి మెత్తగా మెదిపింది, ఉప్పు, చక్కెర, మసాలా ఏవీ కలపనిది వాడాలి. పిల్లికీ, చిన్న కుక్కకీ పూటకి ఒక టీస్పూను. 10 కిలోల కుక్కకి ఒక టేబుల్‌స్పూను. 25 కిలోలు దాటితే రెండు, మూడు. ఎక్కువ పెడితే ఎక్కువ మేలనుకుంటారు. మోతాదు మించితే ఆ పీచే మళ్లీ విరేచనాలు తెస్తుంది.

ఒకప్పుడు ఒక రోజంతా పస్తు పెట్టమనేవారు. ఇప్పుడు ఆ సలహా దాదాపు పోయింది. పేగు గోడలోని కణాలు లోపల్నుంచి వచ్చే తిండి మీదే ఎక్కువ ఆధారపడతాయి, పస్తు ఉంచితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. వాంతులు లేని పెద్ద కుక్కకి ఒక పూట మానిపించి, తర్వాత తేలికైన తిండి మొదలుపెట్టండి. కుక్కపిల్లకి, పిల్లికూనకి ఆ ఒక్క పూట కూడా మానిపించొద్దు, రక్తంలో చక్కెర పడిపోతుంది. పెద్ద పిల్లయినా సరే, రెండు మూడు రోజులు తినకుండా ఉంటే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయంలో చేరుతుంది, ముఖ్యంగా లావు పిల్లికి. అది విరేచనాలకన్నా ఎంతో పెద్ద జబ్బు. పిల్లి 24 గంటలు ఏమీ ముట్టకపోతే, కారణం ఏదైనా, డాక్టర్‌కి చూపించాల్సిందే.

తేలికైన తిండి అంటే తోలు, ఎముక తీసేసి నీళ్లలో ఉడకబెట్టిన కోడి రొమ్ముమాంసం ఒక వంతు, మెత్తగా చిదిమేలా ఉడికించిన అన్నం రెండు వంతులు. నూనె, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వెయ్యకూడదు. ఎంత పెట్టాలో చాలామంది చెప్పరు. లెక్క ఇది: జంతువు బరువుని కిలోల్లో తీసుకుని, దాన్ని 0.75 ఘాతానికి పెంచి, 70తో గుణిస్తే విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకి కావలసిన కేలరీలు వస్తాయి. 10 కిలోల కుక్కకి అది దాదాపు 394. పైన చెప్పిన మిశ్రమం 100 గ్రాములకి 140 కేలరీల చొప్పున ఇస్తుంది. అంటే రోజు మొత్తానికి 275, 280 గ్రాములు. దాన్ని నాలుగైదు భాగాలు చేసి పెట్టండి. ఒక్కసారే గిన్నె నిండా పెడితే, పాడైన పేగు దాన్ని అలాగే బయటికి తోసేస్తుంది. పిల్లికి అన్నం అంతగా పడదు. ఉత్త మాంసం, అది ఉడికిన నీళ్లు చాలు. మలం గట్టిపడ్డాక ఇంకో రెండు రోజులు ఇదే పెట్టి, తర్వాత పాత తిండిని మూడు నాలుగు రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ పోవాలి. ఈ చివరి మెట్టు దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. మలం బాగైన పూటే పాత తిండి గిన్నె ముందు పెట్టేస్తారు, మర్నాడు కథ మళ్లీ మొదటికొస్తుంది. అలాగని ఈ అన్నం, మాంసం వారానికి మించి నడపకండి. ఇందులో కాల్షియం సరిపోదు, ఇంకా చాలా పోషకాలూ సరిపోవు.

పెరుగు ఒక చెంచా పెడితే చాలా కుక్కలకి చెడేమీ చేయదు, విరేచనాలూ ఆపదు. పాలు మాత్రం వద్దు; పెద్దయిన కుక్కలకీ పిల్లులకీ పాలలోని చక్కెర సరిగా అరగదు. మన విరేచనాల బిళ్ల లోపెరమైడ్ కూడా వెయ్యొద్దు. కోలీ జాతి కుక్కల్లో, వాటి సంకరాల్లో ఒక జన్యులోపం వల్ల ఆ మందు మెదడులోకి చేరి మత్తులోకి దించేస్తుంది.

టీకాలు పూర్తికాని కుక్కపిల్లకి వాంతులు, దుర్వాసనతో రక్తపు విరేచనాలు కలిసి వస్తే పార్వో వైరస్ కావచ్చు. అక్కడ గుమ్మడికాయతో గడిపిన ప్రతి గంటా వృథానే. మలం తారులా నల్లగా ఉన్నా, రెండు రోజులు దాటినా ఆగొద్దు.

వాంతులకైతే చేయాల్సింది తక్కువ. పెద్దవాటికైతే తిండి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆపి, నీళ్లు మాత్రం గంటకి ఒకటి రెండు చెంచాల చొప్పున ఇవ్వండి, లేదా ఐసు ముక్క నాకనివ్వండి. గిన్నె నిండా నీళ్లు పెడితే గటగటా తాగి మొత్తం కక్కేస్తుంది. రోజులో మూడుసార్లకి మించి కక్కినా, నీళ్లు కూడా నిలవకపోయినా లోపల ఏదో అడ్డుపడి ఉండొచ్చు. పిల్లి నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే పట్టి లాగొద్దు. రెండో కొన లోపల ఎక్కడో చిక్కుకుని ఉంటుంది, లాగిన కొద్దీ దారం పేగుని రంపంలా కోస్తుంది. వెడల్పు ఛాతీ ఉన్న పెద్ద జాతి కుక్క పొట్ట ఉబ్బి, కక్కబోతూ ఏమీ రాక నురగ మాత్రమే వస్తుంటే కడుపు మెలితిరిగిందేమో. దానికి గంటలే గడువు.

దురదకి చిట్కాలు చాలా ఉన్నాయి, కానీ దురదకి కారణం ముందు తెలియాలి. తోక మొదలు దగ్గర, నడుం మీద ఎక్కువగా కొరుక్కుంటే ఫ్లీల (బొచ్చులో ఉండి రక్తం తాగే, గెంతే చిన్న పురుగుల) పనే అనుకోండి. కంటికి ఒక్కటీ కనపడకపోయినా ఉండొచ్చు. తెల్లకాగితం మీద జంతువుని నిలబెట్టి సన్నపళ్ల ఫ్లీ దువ్వెనతో వెన్ను దువ్వండి. రాలిన నల్లటి మిరియపు పొడిలాంటి రవ్వల మీద నీటిచుక్క వెయ్యండి. మట్టి అయితే మట్టిరంగులోనే ఉంటుంది. ఫ్లీ మలమైతే చుట్టూ తుప్పు ఎరుపు పాకుతుంది, అది అరగిన రక్తం. ఎరుపు కనపడిందంటే ఫ్లీలు ఉన్నట్టే.

పట్టుకోవడం కష్టం కాదు, కాకపోతే ఓపిక కావాలి. ఒక గిన్నెలో నీళ్లు పోసి రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు వెయ్యండి. దువ్విన ప్రతిసారీ దువ్వెన అందులో ముంచండి. ఉత్త నీళ్లలో ఫ్లీ తేలి గెంతేస్తుంది. సబ్బు నీటి ఉపరితలపు బిగువు తగ్గిస్తుంది కాబట్టి మునిగిపోతుంది. స్నానం చేయిస్తే ముందు మెడ చుట్టూ ఒక పట్టీలా నురగ రుద్దండి, తర్వాతే ఒళ్లు తడపండి. లేదంటే నీళ్లు పడగానే అవన్నీ చెవుల్లోకి, కళ్ల దగ్గరకి పరిగెడతాయి. ఐదు నిమిషాలు నురగ ఉంచి కడిగేయాలి.

ఇంత చేసినా వారం తిరక్కుండా మళ్లీ వస్తాయి. జంతువు మీద కనపడేవి మొత్తంలో 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లుగా, లార్వాలుగా, గూళ్లుగా పరుపులో, తివాచీలో, నేల పగుళ్లలో ఉంటాయి. ఒక ఆడ ఫ్లీ రోజుకి 40, 50 గుడ్లు దాకా పెడుతుంది. అవి అంటుకోవు, ఎక్కడ పడుకుంటే అక్కడ రాలిపోతాయి. గూడులోపలిది నెలల తరబడి కదలకుండా ఉండి, అడుగుల కంపనమో ఒంటి వేడో తగిలాక బయటికొస్తుంది. కాబట్టి పడక గుడ్డలు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి, వాక్యూమ్ రోజు విడిచి రోజు పట్టాలి, సంచీ వెంటనే బయట పారేయాలి. ఇలా మూడు నెలలు నడవాలి. నిజం చెప్పాలంటే, ఎక్కువగా పట్టినప్పుడు డాక్టర్ రాసే మందు వాడుతూ ఈ శుభ్రత చేయడమే దారి. దువ్వెన ఒక్కదాని మీద ఆధారపడాల్సింది మందు వాడలేని బుల్లి కూనల విషయంలోనే. కూనల చిగుళ్లు రోజూ చూడండి. ఫ్లీలు తాగే రక్తానికే పాలిపోయి చచ్చిపోయే కూనలుంటాయి.

వెల్లుల్లి తినిపిస్తే ఫ్లీలు పోతాయన్నది వదిలేయండి. వెల్లుల్లి, ఉల్లి జాతి మొత్తం ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. పిల్లికి కిలో బరువుకి 5 గ్రాముల ఉల్లిపాయ చాలు, వెల్లుల్లి అంతకన్నా ఘాటు. వినెగర్ ఫ్లీలని చంపదు. డయాటమ్ మట్టి అనే సన్నటి ఖనిజపు పొడి చల్లితే కొంత పనిచేస్తుంది కానీ ఆ దుమ్ము వాటి ఊపిరితిత్తుల్లోకీ, మీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. కుక్క కోసం తెచ్చిన పెర్మెత్రిన్ మందు పిల్లికి వెయ్యొద్దు. వేసిన కుక్కని పిల్లి నాకినా వణుకు, మూర్ఛలు వస్తాయి.

గోమార్లు, కొందరు పిడుదులంటారు, వాటికి ఒక్కటే పద్ధతి. సన్నకొన పట్టకారుతో చర్మానికి ఆనుకునేలా, పొట్ట కాకుండా నోటి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిలువుగా, నిదానంగా లాగండి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వాజలీన్ పూయడం వద్దు. ఉక్కిరిబిక్కిరైన గోమారి కడుపులోది గాయంలోకి కక్కొచ్చు, రోగం వచ్చేది ఆ దారినే. చేత్తో నలపొద్దు. చెవి మడతలు, వేళ్ల సందులు, చంకలు, తోక కింద వెతకండి. తర్వాత మూడు వారాల్లో జ్వరం, తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం, కాఫీ రంగు మూత్రం కనిపిస్తే గోమార్లు పట్టిన సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.

కారణం పొడి చర్మమో అలర్జీయో అయితే ఓట్స్ స్నానం హాయినిస్తుంది. ఏమీ కలపని ఓట్స్‌ని మిక్సీలో పిండిలా ఆడండి. ఒక చెంచా పిండి గ్లాసు నీళ్లలో వేస్తే పాలలా తెల్లగా కలిసిపోవాలి; అడుగున పేరుకుంటే ఇంకా ఆడాలి. ఒక కప్పు పిండిని గోరువెచ్చని బకెట్ నీళ్లలో కలిపి, ఒంటి మీద పోస్తూ పది నిమిషాలు ఉంచి, పైపైన కడగండి. వేడినీళ్లు దురద పెంచుతాయి. ఈ హాయి ఒకటి రెండు రోజులే ఉంటుంది. మన షాంపూ వద్దు. మన చర్మం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, కుక్కది తటస్థానికి దగ్గరగా ఉంటుంది. గుండ్రంగా బొచ్చు ఊడి పొట్టు రేగుతుంటే తామర కావచ్చు. అది మీకూ అంటుకుంటుంది, తేల్చుకునేదాకా చేతులు కడుక్కుంటూ ఉండండి.

రాత్రికి రాత్రి అరచేతంత చోట తడిగా, ఎర్రగా, బంకగా పుండు తేలిందంటే కుక్క అక్కడ నాకి నాకి తెచ్చుకుంది. దానికి కావాల్సింది గాలి. చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మేర బొచ్చు ట్రిమ్మర్‌తో తీసేయండి. కత్తెరే ఉంటే చర్మానికీ కత్తెరకీ మధ్య దువ్వెన అడ్డుపెట్టి కత్తిరించండి. తడి చర్మం మడతపడి తెగడం చాలా తేలిక. తర్వాత ఉప్పునీళ్లు. మరిగించి చల్లార్చిన లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. తూకం లేకపోతే అర లీటరుకి ముప్పావు టీస్పూను, పైన గీసి తీసింది. మెత్తటి గుడ్డ ముంచి రోజుకి మూడుసార్లు అద్ది, ఆరనివ్వండి. నాకకుండా మెడ చుట్టూ కట్టే గరాటులాంటి కోన్ తప్పదు. కోన్ పెట్టకుండా చేసిన వైద్యమంతా ఒక్క రాత్రి నాకుడుతో పోతుంది. కొబ్బరినూనె రాస్తే తడి లోపలే చిక్కుకుంటుంది, పైగా దాన్ని నాకుతూనే ఉంటుంది. 48 గంటల్లో ఆరుముఖం పట్టకపోతే చూపించండి.

గాయాలకీ ఈ ఉప్పునీళ్లే. సూది లేని పెద్ద సిరంజితో కొంచెం ఒత్తిడిగా పిచికారీ చేస్తే మట్టి కొట్టుకుపోతుంది. క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం ద్రావణం ఉంటే 5 మిల్లీలీటర్లకి 195 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి వాడండి. కళ్లలో, చెవుల్లో మాత్రం వద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూడ్డానికి బాగుంటుంది కానీ మానుతున్న కణాల్ని కూడా కాల్చేస్తుంది. పసుపో, టాల్కమ్ పొడో చల్లితే పైన పెచ్చు కట్టి లోపల చీము దాక్కుంటుంది, రంగు మారిందో లేదో కూడా కనపడదు. పిల్లి కాటు మరీ మోసం చేస్తుంది. సూదిలాంటి పన్ను దిగిన రంధ్రం పైన మూసుకుపోయి, రెండు మూడు రోజులకి వేడిగా ఉబ్బుతుంది. అది గడ్డ, దాన్ని కోసి కడగాలి. తెలియని జంతువు కరిస్తే గాయం ఎంత చిన్నదైనా రేబిస్ సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి. మిమ్మల్ని కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు పారే నీటి కింద కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. గోరు లోతుగా తెగి రక్తం ఆగకపోతే చిటికెడు కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు నిమిషాలు గట్టిగా నొక్కి ఉంచండి. మాటిమాటికీ తీసి చూడకండి.

చెవి గురించి. కుక్క చెవి గొట్టం కిందికి దిగి అడ్డంగా తిరుగుతుంది, ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా. దూదిపుల్ల పెడితే గుబిలిని ఆ మలుపులోకి కూరుతుంది. చెవి శుభ్రం చేసే ద్రావణం పోసి, చెవి మొదట్లో బుగ్గ పక్కన అర నిమిషం పిసకండి. లోపల గుచగుచమని చప్పుడు వస్తే ద్రావణం సరిగ్గా దిగినట్టు. వదిలేసి తల విదిలించనివ్వండి, పైకొచ్చినంత మటుకే దూదితో తుడవండి. పులిసిన వాసనతో గోధుమరంగు బంక ఉంటే ఈస్ట్ ఉండొచ్చు. కాఫీపొడిలాంటి పొడి చెత్త, ముఖ్యంగా పిల్లికూనలో కనిపిస్తే చెవి పురుగులు. తల ఒకపక్కకి వంచినా, ముట్టుకుంటే అరిచినా ఇంట్లో ఏదీ పోయొద్దు. కర్ణభేరి చిల్లు పడి ఉంటే వినెగర్ నీళ్లయినా, మామూలు మందయినా లోపలి చెవిని పాడుచేస్తాయి.

కళ్లకి ఉప్పునీళ్లతో పుసి తుడవడం వరకే. కన్ను చికిలిస్తుంటే అదే రోజు డాక్టర్. మిగిలిపోయిన మన చుక్కలు వెయ్యొద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉంటే చిన్న గీత పెద్ద పుండవుతుంది.

కుక్క గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు పొడిగా దగ్గుతూ, తింటూ ఆడుతూ ఉంటే కెన్నెల్ దగ్గు, అంటే కుక్కల మధ్య అంటుకునే దగ్గు కావచ్చు. ఏడాది దాటిన, చక్కెరజబ్బు లేని కుక్కకి తేనె అర నుంచి ఒక టీస్పూను, రోజుకి రెండు మూడుసార్లు. స్నానాలగదిలో వేడినీళ్లు వదిలి ఆవిరి పట్టించి పది, పదిహేను నిమిషాలు కలిసి కూర్చోండి. అందులో కర్పూరం, పుదీనా నూనె వెయ్యకండి. మెడపట్టీ తీసి హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ కట్టే పట్టీ వేస్తే దగ్గు కొంత తగ్గుతుంది. రెండు మూడు వారాలు పడుతుంది. వేరే కుక్కల దగ్గరకి తీసుకెళ్లొద్దు.

పిల్లికి జలుబు చేస్తే అసలు సమస్య తిండి. వాసన తెలియకపోతే తినదు. ముక్కు ఉప్పునీటి దూదితో తుడిచి, తడి తిండిని 38 డిగ్రీల దాకా, అంటే ఎలుక ఒంటి వేడంత, వెచ్చబెట్టి పెట్టండి.

వెంట్రుకల ఉండలకి రోజూ దువ్వడమే మందు. పావు టీస్పూను ఇసబ్‌గోల్ తడి తిండిలో బాగా నానబెట్టి పెట్టొచ్చు; మలబద్ధకానికీ ఇదే, నీళ్లు ఎక్కువ పట్టిస్తూ. నూనెని సిరంజితో నోట్లో పోయకండి, రుచీ వాసనా లేని నూనె అయితే దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మనుషులకి వాడే ఫాస్ఫేట్ ఎనిమా పిల్లిని చంపుతుంది. ఇంకొకటి: నేలకి కరుచుకుని మెడ చాచి దగ్గుతూ, చివరికి ఏమీ బయటికి రాని పిల్లికి చాలాసార్లు వెంట్రుకల ఉండ ఉండదు, ఆస్తమా ఉంటుంది. ఫోన్‌లో వీడియో తీసి చూపించండి, డాక్టర్ దగ్గర అది దగ్గదు.

పిల్లి మూత్రం గురించి ఒకే ఒక్క ఇంటి వైద్యం పనిచేస్తుంది: నీళ్లు. తిండిలోది కలిపి కిలోకి రోజుకి 50 మిల్లీలీటర్ల చొప్పున కావాలి. పొడి తిండిలో నీరు 10 శాతం, తడి తిండిలో 75, 80 శాతం. 4 కిలోల పిల్లి 200 గ్రాముల తడి తిండి తింటే 150, 160 మిల్లీలీటర్లు అందులోనే అందుతాయి. కానీ మగపిల్లి లిట్టర్ ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి, ముక్కుతూ అరుస్తూ, చుక్క కూడా పోయకపోతే నీళ్లు పట్టించడం కాదు, అప్పటికప్పుడు బయల్దేరాలి. మలబద్ధకం అనుకుని గుమ్మడికాయ పెడుతూ కూర్చున్న ఇళ్లలోనే ఈ పిల్లులు పోతాయి. మూత్రనాళం మూసుకుంటే ఒకటి రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. పొట్ట నొక్కి చూడకండి.

ఎండదెబ్బకి మాత్రం ముందు చల్లబరచండి, ఆ తర్వాతే బండి ఎక్కించండి. ఒంటి నిండా చల్లని నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడెక్కి కంబళిలా పనిచేస్తుంది. 39.5కి దిగగానే ఆపి బయల్దేరండి.

విషం తిన్నప్పుడు కక్కించడం గురించి అందరూ అడుగుతారు. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, కిలోకి ఒక మిల్లీలీటర్, ఎంత పెద్ద కుక్కకైనా 45కి మించకుండా. కుక్కకి మాత్రమే, తిన్న రెండు గంటల్లోపు, పూర్తి తెలివిలో ఉన్నప్పుడు, డాక్టర్ ఫోన్‌లో సరేనన్నాకే. పిల్లికి వద్దు, కడుపు లోపలి పొర రక్తం కారేలా ఊడిపోతుంది. మింగింది ఆమ్లమో, కిరోసిన్‌లాంటిదో, మొనదేలినదో అయితే కుక్కకీ వద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం ఇంకా ప్రమాదం, సోడియం పెరిగి మూర్ఛలు వస్తాయి. ఏం తిన్నదో, ఎంతో లెక్క వెయ్యండి. 10 కిలోల కుక్క 50 గ్రాముల పాల చాక్లెట్ తింటే అందులోని విషపదార్థం థియోబ్రొమిన్ కిలోకి 10 మిల్లీగ్రాములు, కడుపు పాడవడంతో పోవచ్చు. అదే ముదురు చాక్లెట్ అయితే 25 దాటుతుంది, 20 దగ్గరే లక్షణాలు మొదలవుతాయి. చక్కెర లేని చూయింగ్‌గమ్‌లో ఉండే జైలిటాల్ కిలోకి 0.1 గ్రాము చాలు, అరగంటలో చక్కెర పడిపోవచ్చు. ద్రాక్ష, కిస్‌మిస్‌లకి సురక్షితమైన లెక్కే లేదు. లిల్లీ అయితే పుప్పొడి ఒంటికంటింది పిల్లి నాకినా, పూలకుండీలో నీళ్లు తాగినా మూత్రపిండాలు పోతాయి; 18 గంటల్లోపు సెలైన్ ఎక్కాలి. రేపర్, మిగిలిన ముక్క, కక్కింది కొంచెం ఒక సంచీలో వేసుకుని, తిన్న సమయం కాగితం మీద రాసుకుని వెళ్లండి.